తాళం పడ్డ మేనేజరు

ఆ ఉదయం స్టోర్సు గుమస్తా వేసుకున్న పథకం చిన్నదే. అందరికంటే గంట ముందు ఆఫీసుకు వెళ్ళి, సర్వరును నడిపే లినక్స్ ఆదేశాలు అభ్యాసం చేసుకోవాలి, పది కాగానే సెలవు చీటీతో మేనేజరు ముందు నిలబడాలి. మర్నాడే సర్టిఫికెట్ పరీక్ష. గట్టెక్కితే సిస్టం అడ్మినిస్ట్రేటర్ ఉద్యోగం ఆవిడదే. కంప్యూటర్లు చూసే పాత ఉద్యోగి మానేశాక, ఏడాదిగా ఆఫీసు సర్వరును పేరూ హోదా లేకుండా మోస్తున్నది ఆవిడే మరి.

సెలవు మాత్రం మూడుసార్లు అడిగినా దొరకలేదు. రూళ్ళకర్ర అని పేరుపడ్డ మేనేజరుగారిది ఒకటే మాట: "నువ్వు పరీక్షకెళ్తే సర్వరెవరు చూస్తారమ్మా?"

తెర మీద రెండు నల్లటి విండోలు తెరిచింది. ఒకటి అభ్యాసానికి పెట్టుకున్న పాత కంప్యూటరుది, రెండోది అసలు సర్వరుది. పాతదాంట్లోనూ ఆఫీసువాళ్ళ పేర్లే పెట్టుకుంది. ఎవరిదో ఒకరి ఖాతాకు తాళం వేయమంది పరీక్ష పుస్తకం. మేనేజరు పేరు కొట్టి, కసిదీరా ఎంటర్ నొక్కి, కాఫీకి వెళ్ళింది. తీరా నొక్కింది మాత్రం అసలు సర్వరు విండోలో.

పదింటికి మేనేజరుగారు పాస్‌వర్డు కొట్టారు. 'మీ ఖాతా నిలిపివేయబడింది' అంది తెర. కొన్ని పోస్టులు ఎత్తేస్తామని హెడ్డాఫీసు కిందటి వారమే ఉత్తరం రాసింది. ఆయన ముఖం పాలిపోయింది. ఎవరినైనా అడగడం పరువు తక్కువ కనుక, నోరెత్తకుండా సొరుగు ఖాళీ చేయసాగారు. అది టైపిస్టు పెద్దాయన కళ్ళబడింది. ఇంకేముంది, గోరంత కొండంతయింది.

గుమస్తా తిరిగొచ్చేసరికి ఆఫీసంతా హాల్లోనే ఉంది.

"ఏమైంది బాబాయ్?"

"సారుకి ఉద్యోగం పోయిందమ్మా!" అన్నాడు టైపిస్టు, కళ్ళు తుడుచుకుంటూ.

మేనేజరుగారు గొంతు సవరించుకున్నారు. "రూల్సు రూల్సంటూ మిమ్మల్ని కాల్చుకు తిన్నాను. మనసులో పెట్టుకోకండి. ఏదమ్మా నీ చీటీ?" అంటూ అందుకుని సంతకం పెట్టి తిరిగిచ్చారు. "ఇదే నా ఆఖరి సంతకం. ఈ ఆఫీసు నడిచింది నా రూల్సుతో కాదు, నీ చేత్తో. పాసై రా."

ఏడాదిగా ఆ ఒక్క మాట కోసమే ఎదురుచూసిన ఆవిడకు ఏడుపొచ్చేసింది. "ఇంతకీ ఎవరు చెప్పారండీ?"

"ఒకరు చెప్పాలా? పొద్దున్నే నా ఖాతాకి తాళం వేసేశారుగా!"

ఆవిడకు పొద్దున్న కసిదీరా నొక్కిన ఎంటర్ గుర్తొచ్చింది. నిజం చెబితే చీటీ చిరుగుతుంది. చెప్పకపోతే నిక్షేపంలాంటి మనిషి ఇంటికి పోతారు. చీటీని ఆయన బల్ల మీదే పెట్టేసింది.

"తాళం వేసింది నేనేనండీ. పొరపాటున." అందరూ చూస్తుండగా సర్వరు ముందు కూర్చుని ఒక్క లైను కొట్టింది. "ఇప్పుడు చూడండి."

ఆయన మళ్ళీ పాస్‌వర్డు కొట్టారు. తెర తెరుచుకుంది. మేనేజరుగారు తెరను చూశారు, చీటీని చూశారు. పెట్టిన సంతకం కొట్టేయడం రూల్సుకు విరుద్ధం. ఆయన ఛాతీ దానంతటదే పొంగింది.

"చూశారా! నన్ను తీసెయ్యాలంటే హెడ్డాఫీసుకి ఆర్నెల్లు పడుతుంది. తీసేసి, మళ్ళీ పెట్టడానికి మా అమ్మాయికి రెండు లైన్లు చాలు! ఏ ఆఫీసులో ఉందండీ ఇలాంటి మనిషి?" అంటూ చీటీని ఆవిడ చేతిలో పెట్టారు.

మర్నాటి పరీక్షలో తాళం పడ్డ ఖాతాను తెరవమన్నారు. ఆవిడ నవ్వుకుంటూ తెరిచింది, పాసయింది, సర్వరు గది తలుపు మీద సిస్టం అడ్మినిస్ట్రేటర్‌గా ఆవిడ పేరెక్కింది. ఇప్పుడావిడ సెలవు అడిగితే, మేనేజరుగారు ముందు సంతకం పెట్టి, ఆ తర్వాత తేదీ అడుగుతున్నారు.