సోమసుందరాన్ని తీసేసిన రోజు

విజయవాడలో ఆసుపత్రులకు సాఫ్ట్‌వేర్ తయారుచేసే ఒక ఆఫీసులో రాసిన కోడంతా మనుషులై కుర్చీల్లో కూర్చుని పనిచేసేది. కుర్చీలు చాలడం లేదని, పనిలేని వాళ్లను తీసేయాలని ఆ వేసవిలో నిర్ణయించారు.

అక్కడి ఉద్యోగిని ప్రసూన వంతుకు సోమసుందరం వచ్చాడు. ఆసుపత్రి నుంచి ఇంటికి వెళ్లే రోగి కాగితం అడుగున "మళ్లీ మా దగ్గరికి రావలసిన అవసరం లేకుండా చల్లగా ఉండండి" అని అచ్చువేయడం అతని పని. కొత్త కాగితంలో ఆ మాటకు చోటు లేదు. ఏళ్ల తరబడి అతన్నెవరూ పిలవలేదు. అయినా రోజూ ఉతికిన చొక్కా వేసుకుని, పిలిస్తే వినపడేలా తలుపు పక్కనే కూర్చునేవాడు.

తీసేయడానికి ఒక పద్ధతి ఉంది. ఈయనతో ఎవరికైనా పని ఉందా అని ప్రసూన అన్ని టీములనూ అడిగింది. ఎవరికీ లేదు. పేరు చెప్పకుండా చాటుగా పిలిచేవాళ్లున్నారేమోనని కూడా వెతికింది. లేరు. ఆ తర్వాత అతన్ని ఒక వారం బయట మెట్ల మీద కూర్చోబెట్టి, లోపల ఏదైనా ఆగిపోతుందేమో చూశారు.

"పనికేం అడ్డం రాలేదు కదమ్మా?" అని అడిగాడు సోమసుందరం, లోపలికి వస్తూ.

"లేదు బాబాయ్‌గారూ."

"హమ్మయ్య. నా వల్ల ఎవరికీ ఇబ్బంది కాకూడదు."

ప్రసూన టీమ్ లీడర్ వేణుమాధవ్ దగ్గరికి వెళ్లింది. "ఉంచేద్దాం సార్. ఒక్క కుర్చీయే కదా."

"పోనీ, నువ్వు పిలుస్తావా ఆయన్ని?"

"నాకేం పనండీ ఆయనతో?"

అనేశాక గానీ ఏమన్నదో ఆమెకు తెలియలేదు. వేణుమాధవ్ మెత్తగానే చెప్పాడు: పాత ప్రతి భద్రంగా ఉంటుంది, కావాలంటే ఎప్పుడైనా వెనక్కి తెచ్చుకోవచ్చు. ఆ ఆఫీసులో అలా వెనక్కి తెచ్చుకున్నవాళ్లు ఒక్కరూ లేరు.

సోమసుందరం లేచి, కుర్చీని బల్ల కిందికి తోసి, చొక్కా సవరించుకున్నాడు. ప్రసూన మీట నొక్కింది. కుర్చీ ఖాళీ అయింది. అతను లేకుండా పని నడుస్తుందో లేదో చూసే పరీక్షలన్నీ పాసయ్యాయి, టీమంతా చప్పట్లు కొట్టింది. ఏదో ఒకటి పాడవాలని ఆమె సాయంత్రం దాకా కోరుకుంటూ కూర్చుంది. ఏ ఆసుపత్రి నుంచీ ఫోన్ రాలేదు.

ఎవరు ఎవరిని పిలిచారో ఆ ఆఫీసులో యంత్రం రాసుకుంటుంది; పనిలేని వాళ్లెవరో అది చూసే తేలుస్తారు. అందుకని మర్నాటి నుంచి కోడూ ఉద్యోగులూ ఒకరినొకరు పేరుపెట్టి పిలుచుకోవడం మొదలుపెట్టారు.

"ప్రసూనా!"

"ఆఁ?"

"ఏం లేదు, ఊరికే."

కొత్తగా చేరినవాళ్లు ఆ ఆప్యాయత చూసి ముచ్చటపడుతుంటారు. ఎవరూ పిలవని రోజున ప్రసూన ఇంటికి బయలుదేరదు; బ్యాగు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటుంది.