గాలయ్య ఏడిపించిన గేర్లు

పని వచ్చని చెప్పుకుని బతికేవాళ్లను మనం చాలామందిని చూశాం. పని రాదని నిరూపించుకోవడానికి మూడు రోజులు చెమటోడ్చినవాడు మాత్రం నాకు తెలిసి ఒక్కడే. మర్రిగూడ పక్కన ఉండే మన గాలయ్య.

గాలయ్య ఇంటి ముందు వాళ్ల బాపు లారీ ఉంది. పొడుగు మూతి ఉన్న పాతకాలపు బండి. బాపు పోయి ఆరేళ్లయినా గాలయ్య రోజూ దాన్ని తుడిచి, దండం పెట్టుకుంటాడు. ఎక్కడం మాత్రం ఎక్కడు. పడుచు వయసులో ఒకసారి నిండు అంగట్లో గేర్లు కరకరలాడిస్తే బాపు రెక్క పట్టి కిందికి దించాడు. ఆ రోజు సీటు దిగాడు గానీ సిగ్గు మాత్రం ఇంకా దిగలేదు. అయినా బండంటే ప్రాణం. బాపు తాలూకు మిగిలింది అదొక్కటే.

ఒకరోజు పొద్దున భార్య అమృతమ్మ చాయ్ గ్లాసు చేతికిచ్చి, లారీ అమ్ముతున్నానని చల్లగా చెప్పింది. చౌటుప్పల్‌లో ఫంక్షన్ హాలున్న గోపీకృష్ణ ఆదివారం వస్తాడట. ఆయన కళ్ల ముందు బండి నడవాలట.

"నడిపేదెవరు?" అన్నాడు గాలయ్య, గ్లాసు కింద పెట్టి.

"నువ్వే. ఎల్లేశం మామ నేర్పుతనన్నడు."

ఎల్లేశం అంటే బాపు దగ్గర ముప్పయ్యేళ్లు క్లీనరుగా చేసిన ముసలాయన. నెలకోసారి వచ్చి ఇంజను స్టార్టు చేసి పోయేది ఆయనే. మోకాళ్లు వంగవు కాబట్టి తాను నడపలేడు.

గాలయ్య కొట్లాటకు దిగబోయి ఆగాడు. పద్దెనిమిదేళ్ల కాపురంలో అమృతమ్మ మీద ఒక్క కొట్లాటా గెలవలేదు. అంతలో బుర్రలో ఒక ఉపాయం మెరిసింది. గేర్లు పడటం లేదని చూపిస్తే కొనేవాడే భయపడి పోతాడు. చేతకాదని చూపించడానికి తనకంటే తగినవాడు మండలంలోనే లేడు. ఎంతో వినయంగా సరేనన్నాడు. ఆ వినయం చూసే అమృతమ్మకు మొదటి అనుమానం వచ్చింది.

ఇంటి వెనక పత్తి ఏరి, కట్టె పీకిన చేలో పాఠం మొదలైంది.

"ఇప్పటి బండ్ల లెక్క గాదు కొడుకా, గీ గేరుకు మర్యాద జెయ్యాలె," అన్నాడు ఎల్లేశం. "క్లచ్చి తొక్కి గేరు బయటికి తియ్యి. కాలు ఇడువు. పైకి పోయేటప్పుడు జర ఆగు, కిందికొచ్చేటప్పుడు జర రేసియ్యి. మల్ల తొక్కి, అప్పుడెయ్యి. చెవితోని ఇనాలె, చేత్తోని గుంజద్దు."

మొదటి రోజు గాలయ్య నటించాల్సిన అవసరమే రాలేదు. గేర్లు ఎంత ఘోరంగా అరిచాయంటే, పక్కింటి కిష్టయ్య ఉరికొచ్చి బోరు ఎన్ని ఫీట్లకు దిగింది, నీళ్లు పడ్డాయా అని ఆశగా అడిగాడు. లారీ అని తెలిశాక గాలయ్య మీద అలిగి వెళ్లిపోయాడు.

రెండో రోజు చిక్కొచ్చింది. అమృతమ్మ ఫిల్టరు నీళ్లకు క్యాన్ పట్టుకుని పోయింది. ఆమె లేదు కదాని గాలయ్య, ఎల్లేశం చెప్పినట్టు ఒకసారి తొక్కి, వదిలి, ఇంజను గొంతు విని, మళ్లీ తొక్కాడు. గేరు చప్పుడు లేకుండా జారి పడింది. గాలయ్యకు కళ్లలో నీళ్లొచ్చాయి. బాపు ఉంటే ఏమీ అనకుండా బీడీ ముట్టించేవాడు. బాపు మెచ్చుకోవడమంటే అంతే. ఇంకోసారి వేశాడు, ఇంకో పదిసార్లు వేశాడు. దూరంగా నీళ్ల క్యాన్ కనిపించగానే ఉలిక్కిపడి, గేర్లను మళ్లీ ఏడిపించాడు. మూడో రోజూ అదే వరస.

ఆదివారం గోపీకృష్ణ వచ్చాడు. ముందు సీట్లో ఆయన, మధ్యలో అమృతమ్మ కూర్చున్నారు. ఎల్లేశం వెనక నిలబడ్డాడు. బండి రోడ్డెక్కి మిట్ట దగ్గరికొచ్చింది. మూడో గేరు నుంచి రెండోదానికి దిగాలి. ఇదే సమయం అనుకున్నాడు గాలయ్య. ఒక్క తొక్కుతో గుంజి, మిట్ట మీద బండి పరువంతా తీయాలని చెయ్యి బిగించాడు.

ఎడమకాలు తొక్కింది. గాలయ్య వద్దంటున్నా వదిలింది. కుడికాలు రేసిచ్చింది. ఎడమకాలు మళ్లీ తొక్కింది. గేరు పడినట్టు గేరుకు కూడా తెలియలేదు. సొంత కాళ్లే మోసం చేస్తే మనిషి ఎవరికి చెప్పుకోవాలి? వెనక నుంచి ఎల్లేశం, అచ్చం మీ నాయినే అని ఏడ్చాడు.

మిట్ట ఎక్కాక గాలయ్య బండి ఆపేశాడు.

"సార్, బండి ఇయ్య. ఇది మా బాపుది. గంతగనం గావాల్నంటే నన్ను గూడ తీస్కపోండ్రి."

గోపీకృష్ణ అయోమయంగా అమృతమ్మ వైపు చూశాడు. కొనడమేమిటి, పెళ్లి బరాత్‌లకు, ఊరేగింపులకు, కిరాయికి మాట్లాడుకున్నాం కదా, అదీ డ్రైవరుతో సహా, అన్నాడు. పెళ్లికొడుకుల కంటికి ఇప్పుడు కార్లు ఆనడం లేదట, పాత లారీలే కావాలట.

గాలయ్య నోరు తెరిచి పెళ్లాం వైపు తిరిగాడు.

"అమ్ముతనంటెనే గదా నువ్వు సీటెక్కింది," అంది అమృతమ్మ. "ఆరేండ్ల సంది తుడుసుడే గాని నడిపినవా? నీకు గేర్లు రెండో రోజే వచ్చినయి, నాకెరుకనే."

"నువ్వు నీళ్లకు పోయినవు గద. ఎట్ల దెలిసింది?"

"రానోడు పొద్దంతా కరకరలాడిస్తడు. నువ్వేమో నేను ఇంటికాడ ఉంటెనే కరకర, నీళ్లకు పోంగనే సప్పుడు బంద్. ఫిల్టరు కాడ లైన్ల నిలబడి, ఉత్త ఇంజను సప్పుడే అందరం ఇన్నం."

గాలయ్య స్టీరింగు పట్టుకుని సర్దుకుని కూర్చున్నాడు. పరువు కొంతైనా దక్కించుకుందామని, బరాత్‌లో ఏ గేరు దాకా పోవాల్సి ఉంటుందని డ్రైవరు హోదాలో అడిగాడు.

"మొదటి గేరే," అన్నాడు గోపీకృష్ణ. "ముంగట డ్యాన్సు జేస్తరు గద. మారుస్తె బండి వాళ్ల మీదికి పోతది."

గాలయ్య బండి తిప్పి, ఇల్లు చేరేలోగా అవసరం లేకపోయినా ఏడుసార్లు గేరు మార్చాడు. ఒక్కో గేరుకూ అమృతమ్మ ఒక్కో వేలు మడిచి లెక్కపెట్టింది.