తాతగారి తల ఊగని రోజు

ఆ రోజు పొద్దున తాతగారు పెట్టుకున్న కార్యక్రమం చాలా చిన్నది. లేచి పుక్కిలించాలి, టిఫిను తినాలి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని మునిసిపల్ సమావేశానికి వెళ్ళాలి, అక్కడ తన కుర్చీలో కూర్చుని నిద్రపోవాలి. ఆ తరవాత ఇంటికొచ్చి భోంచేసి, ఈసారి మంచం మీద నిద్రపోవాలి.

ఆయన నిద్రని తేలిగ్గా తీసుకోకూడదు. ఆ మునిసిపాలిటీ నడిచేదే దాని మీద. సభ్యులందరిలోకీ ఆయనే పెద్ద. ముందు వరసలో నడిమి కుర్చీ ఆయనది. గుమాస్తా అజెండాలోంచి ఒక అంశం చదవడం మొదలుపెట్టగానే తాతగారికి కునుకు పడుతుంది. కునుకుతో పాటు తల మెల్లగా కిందికి జారి, గడ్డం రొమ్ముకి తగిలి, ఉలిక్కిపడి పైకి లేస్తుంది. చూసేవాళ్ళకి అది నిండు మనసుతో ఒప్పుకున్నట్టే ఉంటుంది. "పెద్దాయన సరేనన్నాడు" అనుకుని మిగతావాళ్ళు చేతులెత్తుతారు. అజెండా కాగితాలు చదివే అలవాటు అక్కడ ఎవరికీ లేదు. ఉక్కపోసినప్పుడు వాటితో విసురుకుంటారు. ఇలా ఆ ఊళ్ళో రెండు వంతెనలూ, ఒక చేపల మార్కెట్టూ, కుక్కల లైసెన్సుల పద్ధతీ తాతగారి కునుకుల్లోనే పుట్టాయి. ఆ వంతెనల్లో ఒకదాని కింద ఇప్పటికీ ఏరు లేదు.

ఆ పొద్దున ఆయన ఇంకా పళ్ళు తోముకుంటూ ఉండగానే చెల్లెలు ఊడిపడింది. మునిసిపాలిటీ మార్కెట్టులో ఆవిడకి కుట్టు దుకాణం ఉంది. మెడలో కొలతల టేపు అలాగే వేలాడుతోంది.

"అన్నయ్యా, గుర్తుందా? ఇవాళ చివరి అంశం నా కొట్టుదే. అద్దె గడువు పొడిగించకపోతే రేపు తాళం వేస్తారు. లోపల యూనిఫాంలు గుట్టలుగా పడి ఉన్నాయి. వచ్చే వారం బడులు తెరుస్తారు."

"దానికేముందే, నేనే లేచి గట్టిగా మాట్లాడతాను," అన్నాడు తాతగారు నురగ నోటితో.

"బాబ్బాబు, నువ్వు మాట్లాడకు! సొంతవాళ్ళ సంగతి వచ్చినప్పుడు సభ్యుడు నోరెత్తకూడదట, రూలు. తల ఊపకూడదని మాత్రం ఏ రూల్లోనూ లేదు. ఎప్పట్లాగే ఊపు, చాలు."

"ఆ ఒక్క పని మీ అన్నయ్య తప్పకుండా చేస్తారమ్మా," అంది తాతగారి భార్య వంటింట్లోంచి. "నిద్రలో కూడా చేస్తారు."

తాతగారు ఈ మాట వినిపించుకోనట్టు చెంబుడు నీళ్ళు నోట్లో పోసుకుని, తల బాగా వెనక్కి వాల్చి, గరగరా పుక్కిలించాడు. సరిగ్గా అక్కడే మెడలో ఏదో టక్కుమంది. తల పైకి రాలేదు. నీళ్ళు మాత్రం వచ్చాయి, చెల్లెలి చీర మీదికి.

ఎముకల డాక్టరు మెడని అటూ ఇటూ నొక్కి, మనిషిని నిలువునా సర్ది, గడ్డం కింద దళసరి బెల్టు బిగించాడు. "దీన్ని తియ్యకూడదు. తల వంచకూడదు, తిప్పకూడదు, ఊపకూడదు," అన్నాడు. నొప్పికి మాత్ర కూడా వేశాడు.

"ఊపకపోతే ఎలాగండీ? మునిసిపాలిటీ ఉంది ఇవాళ!" అన్నాడు తాతగారు.

డాక్టరు వేరే ఊరి నుంచి కొత్తగా వచ్చినవాడు. ఆయనకి ఆ మాట అర్థం కాలేదు.

ఇంటికొచ్చాక తాతగారికి బెల్టు కంటే పెద్ద చిక్కు తోచింది. "దీంతో వెళితే ఎదురైన ప్రతివాడూ 'ఏమైంది, ఏమైంది' అంటాడు. పుక్కిలిస్తే మెడ పట్టేసిందని ఎంతమందికి చెప్పను? నవ్వుతారే!" అన్నాడు. భార్య పాత ఉన్ని మఫ్లరు వెతికి తెచ్చి, బెల్టు కనపడకుండా మెడ చుట్టూ చుట్టి, జలుబు చేసిన మారాజులా తయారుచేసి పంపింది.

సమావేశం మొదలైంది. వేదిక మీద బల్ల వెనక చైర్మన్, ఆయన పక్కన గుమాస్తా, ఎదురుగా సభ్యులు. వెనక జనం కూర్చునే బెంచీ మీద చెల్లెలు. గుమాస్తా మొదటి అంశం అందుకున్నాడు: కాలవల్లో పూడిక తీసే ట్రాక్టరుకి మరమ్మతు. గొంతులో ఎత్తూ పల్లం లేని మనిషి. రెండో వాక్యానికే తాతగారికి కునుకు పట్టింది, డాక్టరు వేసిన మాత్ర కూడా తన వంతు సాయం చేసింది. నిద్ర పాతదే గానీ, ఊపు లేదు. బెల్టు గడ్డాన్ని పైకెత్తి పట్టుకుంది. దళసరి కళ్ళద్దాల మీద కిటికీ వెలుగు పడి, వెనక రెప్పలు మూసి ఉన్నాయో తెరిచి ఉన్నాయో తెలియడం లేదు. చూసేవాళ్ళకి మాత్రం ఆయన నిటారుగా, తల ఎగరేసి, చైర్మన్ కేసి గుడ్లురుముతున్నట్టే ఉంది.

గుమాస్తా చదవడం ముగించాడు. అందరూ తాతగారి వైపు చూశారు. తల కదల్లేదు.

"తాతగారూ?" అన్నాడు చైర్మన్.

కళ్ళద్దాలు ఆయన కేసే తిరిగి ఉన్నాయి.

"సరే, ఇది వాయిదా వేద్దాం," అన్నాడు చైర్మన్ తడబడుతూ. రెండో అంశం, పార్కు గేటుకి రంగు. అదే చూపు. మూడోది, నీళ్ళ ట్యాంకరు తిరిగే వేళలు. అదే చూపు. హాల్లో ఎవరో దగ్గబోయి ఆపుకున్నారు.

సభ్యుల్లో పాలకేంద్రం నడిపే ఆయన ఒకడున్నాడు. చైర్మన్ కుర్చీ మీద చాలాకాలంగా కన్నేసి ఉన్నాడు. పక్కాయన చెవిలో ఊరందరికీ వినపడేలా అన్నాడు: "చూశావా! పెద్దాయన ఏళ్ళ తరబడి తల ఊపినవాడు, ఇవాళ తల ఎత్తాడంటే ఏదో బయటపడిందన్నమాటే."

చైర్మన్ కుర్చీలో ఇటు నుంచి అటు జరిగాడు. ఆ కళ్ళద్దాలు తననే గుచ్చుతున్నాయి. మనిషి పిరికివాడు కాడు గానీ, మాట్లాడకుండా చూసేవాళ్ళంటే ఆయనకి చిన్నప్పటి నుంచీ భయం. వాళ్ళ నాన్న అలాగే చూసేవాడు.

"తాతగారూ, మీరలా చూడకండి," అన్నాడు చివరికి. "చెప్పేస్తాను. ట్రాక్టరు పాడైంది కాలవల్లో కాదు. మా ఇంటికి ఇటికలు తోలించాను."

హాలంతా నోరు వెళ్ళబెట్టింది. తాతగారు చూస్తూనే ఉన్నాడు.

"పార్కు గేటు కూడానా? సరే, మా బావమరిది దగ్గర రంగు మిగిలిపోయింది. పారెయ్యడం ఎందుకని..."

కళ్ళద్దాలు మెరిశాయి.

"ట్యాంకరు ముందు మా వీధికే వస్తుంది, నిజమే! ఇంకేం లేదు తాతగారూ, ఒట్టు! ఆ... పాత ఆఫీసు బీరువా ఒకటి మా ఇంట్లో ఉంది. రేపే పంపిస్తాను."

ఎవరూ ఏమీ అడగకుండానే ఆయన ఇలా ఒక్కొక్కటే కక్కుతూ పోయాడు. ఆఖరికి, "ఇంత కోపం కడుపులో పెట్టుకుని చూసే బదులు, ఇంటికి పిలిచి నాలుగు చీవాట్లు పెట్టి ఉంటే పడేవాణ్ణి కదండీ! నాకీ కుర్చీ వద్దు," అని వేదిక దిగి వచ్చి, వెనక వరసలో ఒక మూల ముఖం వేలాడేసుకుని కూర్చున్నాడు.

పాలాయన ఒక్క గెంతున లేచాడు. ఖాళీ అయిన కుర్చీకి తన పేరు తానే చెప్పుకుందామనుకున్నాడు గానీ, అప్పటికే హాలంతా తాతగారి పేరుతో మారుమోగుతోంది. గాలి ఎటు వీస్తోందో కనిపెట్టి, "నేనూ అదే చెప్పబోతున్నా!" అని అరిచాడు.

"తాతగారూ, మీకు సమ్మతమేనా?" అని అడిగాడు గుమాస్తా. అందరూ అలవాటు కొద్దీ ఆయన తల కేసి చూశారు. తల కదల్లేదు.

"చూశారా!" అన్నాడు ఒకాయన కళ్ళు తుడుచుకుంటూ. "పదవి ఇస్తామంటే ఆశగా తల కూడా ఊపలేదు. ఇదీ మనిషంటే!"

చప్పట్లు మిన్నంటాయి. ఆ హోరుకి తాతగారికి మెలకువ వచ్చేసరికి ఇద్దరు చెరో రెక్కా పట్టుకుని పైకి నడిపిస్తున్నారు. సభ అయిపోయింది, ఇంటికి పంపిస్తున్నారు కాబోలనుకుని ఆయన ఇష్టంగానే నడిచాడు. తీరా చూస్తే మెత్తటి కుర్చీ, ముందు గంట, మంచినీళ్ళ గ్లాసు. గ్లాసు ఎత్తి తాగబోయాడు. తల వెనక్కి వంగక సగం నీళ్ళు మఫ్లరులోకి పోయాయి.

గుమాస్తా గొంతు సవరించుకున్నాడు. "చివరి అంశం. మార్కెట్టులో కుట్టు దుకాణం గడువు పొడిగింపు. ఇది కుదరదండి. చైర్మన్ గారి తోబుట్టువులకి మునిసిపాలిటీ కొట్టు ఇవ్వకూడదని రూలు. తమరు సభ్యులుగా ఉంటే నోరు మూసుకుంటే సరిపోయేది. చైర్మన్ అయ్యారు కాబట్టి రేపు తాళం వెయ్యాలి."

వెనక బెంచీ మీద చెల్లెలు దిగ్గున లేచింది.

"అన్నయ్యా! దిగు!"

"ఎక్కడికి ఎక్కానే?" అన్నాడు తాతగారు. తల తిప్పలేడు గనక ఎదురుగోడతోనే మాట్లాడుతున్నట్టుంది.

"చైర్మన్‌వి అయ్యావు! నిన్నేం చెయ్యమన్నాను, నువ్వేం చేశావు? నా కొట్టు మీద కూర్చున్నావు! దిగంటే దిగు!"

"నేనేం చెయ్యలేదే! నిద్ర... ఆలోచిస్తూ కూర్చున్నాను, అంతే. సభ్యులారా, నాకు ఈ కుర్చీ వద్దు."

హాలు మళ్ళీ కరిగిపోయింది. "కూర్చున్న కుర్చీ వెచ్చబడకముందే వదిలేస్తానంటున్నాడు!" అన్నాడు ఇందాకటి కళ్ళు తుడుచుకున్నాయన. "ఇలాంటివాణ్ణి వదులుకుంటామా? రాజీనామా ఒప్పుకోం!" అందరూ బల్లలు చరిచారు. ఎవరో మాత్రం, "నిజంగానే వద్దంటారా? అయితే ఒక్కసారి తల ఊపి చెప్పండి, మీ మాట కాదనం," అన్నారు.

అందరూ తల కేసి చూశారు.

తాతగారు కళ్ళతో చెల్లెలి కోసం వెతికాడు. ఆవిడ మెడలోంచి టేపు లాగి రెండు చేతులకీ చుట్టుకుంటోంది. కొట్టు, గుట్టలుగా బట్టలు, తాళం, అన్నీ ఆయనకి ఒక్కసారిగా కళ్ళముందు ఆడాయి. సిగ్గు వదిలేశాడు.

"ఊపలేనయ్యా!" అని అరిచి మఫ్లరు సర్రున లాగి పారేశాడు. "పొద్దున పుక్కిలిస్తే మెడ పట్టేసింది!"

తెల్లటి బెల్టుని హాలంతా చూసింది.

"అంటే... ట్రాక్టరు సంగతి మీకు తెలీదా?" అన్నాడు వెనక మూలనుంచి పాత చైర్మన్.

"ఏ ట్రాక్టరు?"

పాత చైర్మన్ రెండు చేతులతోనూ నెత్తి పట్టుకున్నాడు. "బీరువా కూడా చెప్పేశానే!"

బడిలో పాఠాలు చెప్పి చెప్పి రిటైరై సభ్యురాలైన పంతులమ్మగారు ఒకావిడ అక్కడున్నారు. ఆవిడ లేచి నడుచుకుంటూ పైకి వెళ్ళి, తాతగారిని జాగ్రత్తగా దింపి, గంట తన ముందుకి లాక్కున్నారు. "ఇక ఎవరి తల కేసీ ఎవరూ చూడొద్దు. చేతులున్నాయిగా. ఆయన రాజీనామా ఒప్పుకునేవాళ్ళు ఎత్తండి." ఎత్తారు. "ఇప్పుడు కుట్టు దుకాణం. ఎవరికైనా సందేహాలున్నాయా?"

సందేహం అనే మాట ఆ హాల్లో అదే మొదటిసారి వినపడటం. అందరికీ ఒక్కసారిగా ముంచుకొచ్చాయి. కొట్టు వెడల్పెంతని ఒకరు, కుట్టు మిషన్ల చప్పుడు ఎక్కువని ఒకరు. పాలాయన అయితే, "మార్కెట్టు మొగదల అంత మంచి చోటు. అక్కడ పాలకేంద్రం పెడితే ప్రజలకి ఎంత సౌకర్యం!" అన్నాడు ప్రజలు తన ఇంట్లోవాళ్ళే అయినట్టు.

కునుకులో క్షణంలో అయిపోవలసిన పని, మేలుకున్న మనుషుల చేతుల్లో పడింది. చెల్లెలు ముందుకొచ్చింది.

"పాలకేంద్రమే పెట్టుకో తమ్ముడూ, కాదనను. కానీ తాళం పడితే బట్టలు కూడా లోపలే ఉంటాయి. మీ అందరి పిల్లల యూనిఫాంలూ నా దగ్గరే ఉన్నాయి. కొన్నిటికి చేతులున్నాయి, గుండీలు లేవు. కొన్నిటికి గుండీలున్నాయి, చేతులు లేవు. వారం తిరక్కుండా బడి గంట కొడతారు. పిల్లల్ని దేంతో పంపిస్తారో మీ ఇంట్లో ఆడవాళ్ళని అడిగి వచ్చి చెప్పండి, ఇక్కడే కూర్చుంటాను."

ఆడవాళ్ళని అడగడానికి ఎవరూ సిద్ధంగా లేరు. చేతులు టపటపా లేచాయి. పాలాయనకి కవల పిల్లలు కావడంతో రెండు చేతులూ ఎత్తాడు. కొట్టు నిలిచింది.

చెల్లెలు అన్నయ్య పక్కన కూలబడింది. "నా ప్రాణాలు తీశావు కదయ్యా!"

"నొప్పి నాకు, ప్రాణాలు నీకా?" అన్నాడు తాతగారు ఎదురుగోడతో.

మిగిలింది చైర్మన్ ఎన్నిక. ఎవరిని పెడదామని పంతులమ్మగారు అడగ్గానే ప్రతివాడూ తన పేరే చెప్పాడు, చెయ్యి కూడా ప్రతివాడూ తన పేరుకే ఎత్తాడు. పొద్దు వాలేదాకా చూసి ఆవిడ విసుక్కున్నారు. "కొత్తవాళ్ళని పెడితే ఏమేం చేస్తున్నారో మళ్ళీ మనమే కనిపెట్టుకోవాలి. పాతాయనవి అన్నీ ఆయనే చెప్పేశాడు. ట్రాక్టరు బాగుచేయించి, బీరువా రేపటికల్లా తిరిగిచ్చేస్తే, ఈ హాల్లో ఇంత శుభ్రంగా ఇంకెవరున్నారు?"

ఈసారి చేతులన్నీ ఆయనకే లేచాయి. పాత చైర్మన్ భుజాలు దులుపుకుని, మూలనుంచి లేచి, మళ్ళీ వేదిక ఎక్కాడు. ఎక్కుతూనే ఒక తీర్మానం పెట్టాడు: సభ్యుల్లో ఎవరికి ఒంట్లో ఎక్కడ నొప్పిగా ఉన్నా, సమావేశం మొదలవకముందే చైర్మన్‌కి విధిగా తెలియజేయాలి. దాని మీద మాత్రం ఎవరికీ ఏ సందేహమూ రాలేదు.