పదిహేడో గది వైపు

విశ్వంలో కదలనిది లేదు. మా ఆఫీసులో ఫైలు తప్ప, అని గిట్టనివాళ్ళు కలుపుతారు. పచ్చి అబద్ధం. ఏ ఫైలు ఎక్కణ్ణుంచి ఎక్కడికి కదిలిందో రాయడానికి మాకు కదలికల విభాగమే ఉంది. అందులో రిజిస్టరు రాసేది నేనే.

ఆ సోమవారం టపాలో 'గెలాక్సీల కదలికలు' అనే నివేదిక వచ్చింది. కదలికలు అని ఉంది కాబట్టి టపా గుమాస్తా మాకు పంపాడు (తప్పు అతనిది కాదు, మాటది). నిబంధన ప్రకారం వివరణ అడిగాను: ఇవి ఎవరి అనుమతితో బయల్దేరాయి, తిరిగి విధుల్లో ఎప్పుడు చేరతాయి?

మర్నాడే ఆ నివేదిక రాసిన పరిశోధకురాలు పరుగున వచ్చింది. ఆరేళ్ళ పని. శుక్రవారంలోగా ఆమోదం రాకపోతే టెలిస్కోపు వేరేవాళ్ళ చేతికి పోతుంది.

"బాబాయ్‌గారూ, అవి తిరిగి రావండీ."

"ఆ ముక్కే రాసివ్వండమ్మా."

ఆమె నుదురు కొట్టుకుని విడమరిచి చెప్పింది. "మన చుట్టుపక్కల గెలాక్సీలన్నీ ఒక పక్కకి లాగినట్టు పోతున్నాయి. అటు చూస్తే అంత బరువు కనపడదు. లాగుతోందంటే ఏదో ఉన్నట్టే కదా? ఏది ఎటు, ఎంత వేగంగా పోతోందో చూస్తే, విశ్వంలో పదార్థం ఎక్కడ పోగుపడిందో పటం గీయొచ్చు."

నేను నమ్మలేదు. ఆమె నా రిజిస్టరు లాక్కుని, అరగంటలో మా ఆఫీసు పటం గీసింది. బాణాలన్నీ పదిహేడో గది వైపే. పక్క టేబుళ్ళ ఫైళ్ళు రెండు రోజుల్లో, దూరపువి రెండు నెలల్లో అక్కడికి చేరాయి. ఒక్కటీ వెనక్కి రాలేదు.

"ఇక్కడెవరో చాలా పెద్దాయన ఉండాలి," అంది.

వెళ్ళి చూశాం. కుర్చీకి కోటు వేలాడుతోంది. ఆ పోస్టు నాలుగేళ్ళుగా ఖాళీ (కోటు మాత్రం ఒక్కరోజూ సెలవు పెట్టలేదు). ఇన్నాళ్ళూ నేను రాసింది ఇదా అని నాకు సిగ్గు వేసింది.

ఇరవై ఆరేళ్ళ సర్వీసులో మొదటిసారి ఒక కాగితం మీద 'గట్టిగా సిఫార్సు చేయడమైనది' అని రాశాను. రాసి, నిబంధన ప్రకారం, పదిహేడో గదికి పంపాను.

శుక్రవారం సాయంత్రం నివేదిక తిరిగొచ్చింది. ఆ గదిలోంచి బయటపడిన మొదటి ఫైలు అదే. ఆమె నా టేబులు దగ్గర నిలబడే చదువుకుంది.

'కంటికి కనిపించనిది ఇతరులను కదిలించగలదనుట నమ్మశక్యముగా లేదు. తిరస్కరించడమైనది.'

కింద పదిహేడో గది అధికారిగారి సంతకం ఉంది.