వీపు మీది అతుకు

వీధిలో అందరూ కత్తెరమ్మ అని పిలిచే దర్జీ ఆ ఉదయం వేసుకున్న పథకం చాలా చిన్నది. భర్త గడప దాటగానే ఒంటి మీదున్న పాత అతుకు తీసేసి కొత్తది అంటించుకోవాలి. అతుకుల పెట్టెను మళ్ళీ గుండీల డబ్బాలో దాచాలి. దుకాణం తెరవాలి. భర్త బస్సు డ్రైవరు. ఆరోజు డిపోలో ఏడాదికోసారి జరిగే వైద్యపరీక్ష. అది గట్టెక్కితేనే చేతికి స్టీరింగు ఇస్తారు.

ఆయన వెళ్ళాడు. ఆమె గడియ వేసి, బొడ్డు కిందకి చూసుకుంది. అతుకు లేదు.

దుప్పటి దులిపింది. దిండు గలీబు తిరగేసింది. మంచం కిందకి పాకింది. ఎక్కడా లేదు.

ప్లాస్టిక్ కాగితంలా పలచగా ఉండే మందు అతుకు అది. నెలసరి ఆగే వయసులో ఒంట్లో తగ్గిపోయే హార్మోనును చర్మంలోంచి కొద్దికొద్దిగా అందిస్తుంది. రెండేళ్ళుగా ఆమె పక్కగదిలో పడుకుంటోంది. ఒళ్ళంతా సెగలు, నిద్ర పట్టదు. వాటిని మించి, భర్త దగ్గరకొస్తే పచ్చిపుండు మీద గీరినట్టు నొప్పి. ఆ మాట చెప్పడానికి నోరు రాక, "నాకు నడుము నొప్పి, ఆ పరుపు పడదు" అంది. ఆయన పరుపు మార్చాడు. ఆమె మాత్రం తిరిగి రాలేదు. తనంటేనే ఆమెకి రోత పుట్టిందనుకుని ఆయన మళ్ళీ అడగలేదు.

చివరికి ఆమె ఒక్కతే లేడీ డాక్టరు దగ్గరకి వెళ్ళింది. సెగలకి అతుకు, నొప్పికి పూతమందు ఇచ్చారు. తేడా తెలియడానికి వారాలు పట్టింది. నిన్న రాత్రి దిండు చంకలో పెట్టుకుని ఆయన గదిలోకి వెళ్ళింది. ఆయన ఏమీ అడగకుండా జరిగాడు. అడిగితే దిండు వెనక్కి వెళ్ళిపోతుందని భయం.

చెప్పేద్దామనుకుంటే కింది వాటాలో వదిన ఉంది, ఆయన అక్కగారు. "ఈ వయసులో అదొక్కటే తక్కువైంది" అని ఆవిడ ఎవరినో వెక్కిరించగా కత్తెరమ్మ ఓసారి వింది. ఒకరికి తెలిస్తే ఆవిడకి తెలుస్తుంది. ఆవిడకి తెలిస్తే ఊరికి తెలుస్తుంది. ప్రస్తుతం ఆవిడ మేస్త్రీని పెట్టి గోడ కొట్టిస్తోంది. ఇంట్లో గాలి ఆడట్లేదని రెండు కిటికీలు వెడల్పు చేయించింది. ఇది మూడోది.

డిపో ఆస్పత్రిలో, స్టెతస్కోపు వీపు మీద జరుపుతున్న డాక్టరు బెల్టుకి కాస్త పైన ఆగాడు.

"ఇదేంటయ్యా?"

"ఏదండీ?"

"నీ వీపుకి అంటుకున్నది. మందు అతుకు. పేరు సగం చెరిగిపోయింది."

డ్రైవరు మెడ ఎంత తిప్పినా కనబడలేదు. "ఏ పండు మీది స్టిక్కరో అయ్యుంటుందండీ."

"పండు వీపు మీద పెట్టుకుని తిన్నావా?" డాక్టరు నవ్వలేదు. "మత్తు తెచ్చే నొప్పిమందులు కూడా ఇలాగే ఉంటాయి. ఇదేమిటో తేలేదాకా బస్సు ముట్టుకోకు. సాయంత్రంలోగా తేలకపోతే అన్‌ఫిట్ అని రాస్తాను. గేటు దగ్గర వాచ్‌మన్ కుర్చీ ఖాళీగానే ఉంది."

తలుపు అవతల ఉన్న కండక్టరుకి సగమే వినబడింది. "అన్నయ్యకి ఎక్కడో అతుకేశారట" అని క్యాంటీన్లో చెప్పాడు. క్యాంటీన్ ఆ అతుకుని గుండెకి వేసింది. తిరిగి తన చెవికి చేరేసరికి కండక్టరే నమ్మేసి, డ్రైవరు అక్కకి ఫోను చేశాడు.

వదిన దుకాణంలోకి సుడిగాలిలా వచ్చింది. "నీ మొగుడి గుండెకి అతుకేశారటే. నువ్విక్కడ ప్యాంట్లకి వేస్తూ కూర్చో."

కత్తెరమ్మ కత్తెర బల్ల మీద పెట్టేసింది. "అతుకా? ఎక్కడ వదినా?"

"గుండెకేస్తే గుండె దగ్గరే వేస్తారు, మోకాలికి వేస్తారా? పద."

పొద్దున కనబడని అతుకు గుర్తొచ్చి, గుండీల డబ్బా సంచిలో పడేసుకుని ఆమె వదిన వెంట పరుగెత్తింది.

ఆస్పత్రి గదిలో భర్త చొక్కా లేకుండా, గుమ్మానికి వీపు పెట్టి కూర్చున్నాడు. డాక్టరు, డిపో మేనేజరు, కండక్టరు చుట్టూ నిలబడ్డారు. వదిన గుమ్మంలోనే ఆగింది. పొద్దుట్నుంచీ కత్తెరమ్మ వెతుకుతున్నది ఆ వీపు మీద ఉంది.

"ఇది మీ ఆయనకి ఎవరిచ్చారో మీకు తెలుసామ్మా?"

తెలీదంటే ఆయన బస్సు పోతుంది. తెలుసంటే తన పరువు డిపో అంతా తిరుగుతుంది. ఆమె సంచిలో చెయ్యి పెట్టింది. గుండీలు గలగలమన్నాయి.

ఆ చప్పుడులో ఏం విన్నాడో, డ్రైవరు తల తిప్పకుండానే అన్నాడు. "దానికి తెలీదండీ. దాన్నడక్కండి. గేటు దగ్గరే కూర్చుంటాను."

ఆమె డబ్బా మూత తీసింది. గుండీల కిందనుంచి పెట్టె బయటకొచ్చింది.

"అది నాదండీ. నాకు నెలసరి ఆగిపోయింది. డాక్టరమ్మ ఇచ్చింది."

"మీదైతే అన్నయ్య వీపు మీదకెలా వచ్చింది వది..." అని మొదలుపెట్టిన కండక్టరుకి మధ్యలోనే జవాబు తట్టింది. తన బూట్ల వంక చూసుకున్నాడు. మేనేజరు గోడకున్న మంటలార్పే సిలిండరు మీది సూచనలు శ్రద్ధగా చదవసాగాడు.

డాక్టరు అక్షరాలు పోల్చి చూసి, అతుకు ఊడదీశాడు. "అప్పుడప్పుడూ ఇలా పక్కవాళ్ళకి అంటుకుంటుంది. ఒక్కరాత్రికి ఆయనకేమీ కాదు, మత్తూ రాదు. మీరు కొత్తది వేసుకోండి. వేసేచోట నూనె, పూతలు లేకుండా చూసుకోండి." తర్వాత ఫిట్ అని ముద్ర కొట్టాడు.

వరండాలో డ్రైవరు చొక్కా గుండీలు ఒకదానికొకటి తప్పించి పెట్టుకున్నాడు.

"రెండేళ్ళూ నొప్పేనా?"

"ఊఁ."

"నేనంటే పడక కాదా?"

"మీ గురకంటే పడదు. మీరంటే కాదు."

"చెప్పొచ్చుగా."

"మీరడగొచ్చుగా."

ఆమె గుండీలన్నీ విప్పి సరిగ్గా పెట్టింది. ఆయన బస్సెక్కాడు.

అదే బస్సులో వెనక సీట్లో వదిన పక్కన కూర్చుని, కత్తెరమ్మ మాట పడడానికి సిద్ధపడింది. వదిన మెడ మీద చెమట తుడుచుకుంది. కిటికీ అద్దం పూర్తిగా తీసింది. మళ్ళీ తుడుచుకుంది. నాలుగు స్టాపులు దాటాయి.

"ఆ డాక్టరమ్మ ఎక్కడుంటుందే?"

"ఎందుకు వదినా?"

"ఇన్నేళ్ళూ తప్పు ఇంటిదనుకున్నాను."

మర్నాడు మేస్త్రీ మూడో కిటికీ పక్కన కొట్టిన కన్నాన్ని ఇటుకలతో పూడ్చేశాడు.