అడగకముందే జవాబు

కళ్ళజోళ్ళ షాపాయనకు ఆ ఉదయం ఒకే ఒక్క పని. లెక్కల టీచరైన భార్య ఇంట్లోంచి పాఠం చెప్పే కంప్యూటరు మీద దుమ్ము తుడవాలి. ఆ రోజు పాఠాన్ని హెడ్‌మిస్ట్రెస్ స్వయంగా చూస్తుంది. ఆవిడకు నచ్చితే భార్య టెంపరరీ ఉద్యోగం పర్మనెంటు అవుతుంది. నచ్చకపోతే ఉన్నదీ ఊడుతుంది.

ఆయన దుమ్ము తుడిచాడు. అక్కడితో ఆగితే కథే లేదు. తెర మీద ఓ ప్రశ్న కనిపించింది: కొత్త ఆపరేటింగ్ సిస్టమ్, డెవలప్‌మెంట్ వెర్షన్ వేసుకుంటారా? ఇంకా తయారవుతున్న సిస్టమ్ లోపల ఎలా ఉంటుందో! ప్రోగ్రామరైన బామ్మర్దికి ఫోన్ చేశాడు.

"వద్దు బావా! అదింకా పొయ్యి మీదుంది. చేసేవాళ్ళే చేతులు కాల్చుకుంటున్నారు. కొత్తవాళ్ళు దాని జోలికెళ్ళకూడదు."

"ఊరికే చూస్తానోయ్."

"చూడనూ వద్దు."

వద్దన్నాక ఇక మనసు నిలవలేదు. ఫోన్ పెట్టేసి "సరే" నొక్కాడు.

కంప్యూటరు కొత్త రంగులతో లేచింది. ముచ్చటపడి పాట పెడితే శబ్దం లేదు. శబ్దం కోసం ఏదో నొక్కితే అక్షరాలు చీమలంతయ్యాయి. అక్షరాల కోసం ఇంకేదో నొక్కితే బాణం గుర్తు మాయమైంది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. చెమటలు పట్టి, కనిపించినవన్నీ నొక్కాడు. ఎలాగో అన్నీ తిరిగొచ్చాయి, పాటతో సహా.

"ఇదేమిటండీ, రంగులు మారాయి?" అంది భార్య వచ్చి కూర్చుంటూ.

"తుడిచాను కదా!"

పాఠం మొదలైంది. ఆమె బొమ్మ అవతలికి వెంటనే వెళ్తోంది గానీ, మాట నిమిషం ఆలస్యంగా చేరుతోంది. ఆ సంగతి ఇద్దరికీ తెలియదు.

ఆమె త్రిభుజం గీసి, రెండు కోణాలు రాసి, మూడోది ఎంతని అడిగింది. బళ్ళో తెర ముందున్న పిల్లలకు పెదాలు కదలడమే కనిపించింది.

"మేడం ఏమంటున్నారే?"

"మూడో కోణం అడుగుతున్నారేమో!"

వాళ్ళలో వాళ్ళు గుసగుసగా వాదించుకుని, లెక్కగట్టి, "అరవై!" అని అరిచారు. ఆ తర్వాత తాపీగా ప్రశ్న చేరింది. పిల్లలు పకపకా నవ్వారు. ఎందుకు నవ్వారో టీచరుకు అంతుబట్టలేదు.

అంతలో భర్త ఉండబట్టలేక, పక్కనుంచి మౌస్ మీదికి చెయ్యి చాచాడు.

"దాన్ని ముట్టుకున్నారంటే చేతులు విరిచేస్తాను!" అంది పళ్ళు కొరుకుతూ.

అక్కడ హెడ్‌మిస్ట్రెస్‌కు పెదాలకు మాట అతకని ఈ పాఠం విసుగు పుట్టించింది. ఆపేద్దామని మౌస్ పట్టుకోబోయింది. సరిగ్గా అప్పుడే ఆ మాట చేరింది. ఆవిడ చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, పాఠం చివరిదాకా బుద్ధిగా చూసింది.

పాఠం అయ్యాక, "మేడం, మీ మాట మీకంటే లేటుగా వస్తోంది," అని ఓ పిల్ల చెప్పింది. టీచరు కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"నా ఉద్యోగం పోయిందండీ!"

ఆయన సిగ్గుతో చచ్చిపోయి బామ్మర్దిని పిలిచాడు. అతను వచ్చి, బావను కడుపునిండా తిట్టి, పాత సిస్టమ్ ఎక్కించి, "అంతా మామూలైపోయిందక్కా," అన్నాడు.

అప్పుడు మోగింది ఫోన్.

"అడగకముందే జవాబు చెప్పే పిల్లల్ని నేనింతవరకూ చూళ్ళేదమ్మా," అంది హెడ్‌మిస్ట్రెస్. "ఇక క్రమశిక్షణంటారా, నాకే వణుకొచ్చింది. పోస్టు మీదే. వచ్చే వారం టీచర్లందరి ముందూ ఇదే పాఠం, అచ్చం ఇలాగే చెప్పాలి."

ముగ్గురూ మొహాలు చూసుకున్నారు.

"ఏం నొక్కితే అలా అయింది బావా?"

"అన్నీ నొక్కానుగా!"

పాడుచేయడం కొత్తవాళ్ళకూ వస్తుంది. మళ్ళీ అలాగే పాడుచేయడానికే అనుభవం కావాలి.