మరక పడని స్లైడు

ఎవరిదయ్యా ఈ పాపం? నిక్షేపంలాంటి మనిషి తన జడ తనే కత్తెరతో కోసుకుని ఆసుపత్రి బెంచీ మీద కూర్చుందే, దీనికి జవాబు చెప్పేదెవరు? సాక్షిని అడక్కుండా తీర్పు చెప్పిన నోరా? పిలవకుండా సాయానికి వచ్చిన చేతులా? దొంగలు లేరు, దుర్మార్గులు లేరు, అందరూ మంచివాళ్లే. మంచివాళ్లు మూకుమ్మడిగా ఒక పని మీద పడితే ఏమవుతుందో వినండి.

బుధవారం ఉదయం ఎనిమిదింటికి మరకలక్క ల్యాబు తాళం తీసినప్పుడు ఆమె తలపెట్టినవి రెండే పనులు. మధ్యాహ్నంలోపు స్లైడ్లకు రంగు వెయ్యాలి. సాయంత్రం వెళ్లి వారం రోజులుగా సలుపుతున్న పన్ను పీకించుకోవాలి. పద్దెనిమిదేళ్లుగా కండముక్కలకు రంగులు వేసీ వేసీ ఆమె వేళ్ల చివర కొంత నీలం, కొంత గోధుమరంగు శాశ్వతంగా ఉండిపోయాయి. అందుకే ఆ పేరు. అసలు పేరు జీతం కాగితానికి తప్ప ఇంకెవరికీ తెలియదు.

ల్యాబు బయట బెంచీ మీద దర్జీ ఆవిడ అప్పటికే వచ్చి కూర్చుంది. రొమ్ములో గడ్డ. సూదితో తీసిన ముక్క అగ్గిపుల్లంత కూడా లేదు.

"అక్కా, నాది ఇవాళ అవుతుందా?"

"మధ్యాహ్నానికి అయిపోతుంది. రేపు నాలుగింటికి డాక్టర్ల బోర్డు. అప్పటికి రిపోర్టు వాళ్ల బల్ల మీద ఉంటుంది."

"గోధుమరంగు వస్తే మాత్రలు, రాకపోతే కీమో సూదులు. అంతేగా?"

"ఇంచుమించు అంతే."

"ఆ సూదుల మందుకి వేళ్లు తిమ్మిరెక్కుతాయటగా. సూదిలో దారం కూడా ఎక్కించలేరట. నాకు కూడు పెట్టేది ఈ వేళ్లే అక్కా."

"ముందు రంగు రానివ్వమ్మా. అప్పుడు భయపడదువుగాని," అని మరకలక్క లోపలికి వెళ్లింది.

ఈ రంగు సంగతి తెలియనివాళ్లకు నాలుగు ముక్కల్లో చెప్పాలి. కండను మైనంలో పొదిగి, ఉల్లిపొర కూడా సిగ్గుపడేంత పల్చగా కోసి, గాజు స్లైడు మీద అతికిస్తారు. ఫార్మలిన్‌లో నాని బిగుసుకుపోయిన కండ కాస్త విచ్చుకోవాలని కుక్కర్లో ఉడికిస్తారు. తర్వాత యాంటీబాడీ వేస్తారు. అది ఒకే ఒక్క తాళానికి పట్టే తాళంచెవి. ఆ తాళం కండలో ఉంటే పట్టుకుంటుంది, లేకపోతే కడిగినప్పుడు కొట్టుకుపోతుంది. పట్టుకున్న తాళంచెవికి ఒక ఎంజైమును తగిలిస్తారు. ఎంజైము ఉన్నచోట గోధుమరంగు తేలుతుంది, మిగతాదంతా నీలం. ప్రతి మెట్టుకీ మధ్య బఫరు అనే ఉప్పునీళ్లతో కడుగుతారు. వీటన్నిటికీ ఇద్దరు సాక్షులు, ల్యాబు భాషలో కంట్రోళ్లు. గోధుమరంగు కచ్చితంగా రావలసిన స్లైడు ఒకటి. యాంటీబాడీ వెయ్యకుండా వదిలేసిన స్లైడు ఇంకొకటి. అక్కడ రంగు ససేమిరా రాకూడదు. ఈ ఇద్దరూ నిజం చెబితేనే రోగి స్లైడు మాట నమ్మాలి.

పదకొండున్నరకు మరకలక్క మైక్రోస్కోపులో కన్ను పెట్టి కొయ్యబారిపోయింది. దర్జీ ఆవిడ స్లైడు నీలం. పోనీ అనుకుంటే మొదటి సాక్షీ నీలమే. ఏళ్ల తరబడి ఎప్పుడు రంగేసినా కాఫీ ఒలికినట్టు పట్టే ముక్క, ఇవాళ ముఖం కడుక్కుని కూర్చున్నట్టుంది.

ఈలోగా విభాగానికి పెద్ద అయిన పెద్దాయన వచ్చాడు. వచ్చినవాడు ఆమెను పక్కకు జరిపి, రోగి స్లైడు ఒక్కటే చూసి, నిలబడే తేల్చేశాడు.

"నెగెటివ్. రాసెయ్."

"సార్, కంట్రోలుకి కూడా రంగు రాలేదండీ!"

"కంట్రోలు పాతబడుంటుంది. వైద్యం కంట్రోలుకి చేస్తామా, మనిషికి చేస్తామా?"

"కంట్రోలే అబద్ధమాడితే మనిషిది నిజమని ఎట్లా చెప్తాం సార్?"

"సరేలే, నీ తృప్తి కోసం ఇంకోసారి చెయ్యి. నాకైతే నెగెటివే కనపడుతోంది."

గుమ్మంలో టీ పళ్లెంతో నిలబడ్డ అటెండరు తాతకు ఇందులో వినపడింది మొదటి మాటా చివరి మాటా. టీలు ఇచ్చుకుంటూ వార్డుకు వెళ్లి, "కుట్టుపని చేసే అమ్మాయిది నెగెటివంట. సూదులేనంట," అని సిస్టరు చెవిన వేశాడు. సిస్టరు చురుకైన మనిషి. అప్పటికప్పుడు మంచం సిద్ధం చేసింది.

రెండోసారికి మరకలక్క స్లైడ్లు పేర్చి అందరికీ ఒకే మాట చెప్పింది. "ఒకసారికి ఒక్కటే మార్చాలి. అన్నీ మారిస్తే తప్పు ఎక్కడుందో దేవుడికి కూడా తెలియదు. ఈసారి రంగు సీసా ఒక్కటే మారుస్తాను."

అందరూ తలలూపారు. ఆమె స్టోరుకు వెళ్లింది. స్టోరులో కొత్త సీసా కోసం మూడు సంతకాలు కావాలన్నారు, గంటపైన పట్టింది. ఆ గంటలో పెద్దాయన వచ్చి, పాపం ఈమె యాంటీబాడీ మరీ పల్చగా వేస్తోందని చిక్కటిది పోసి వెళ్లాడు. అంతకుముందే, ఆయన కింద పనిచేసే చిన్న డాక్టరమ్మ, ఇది ఇంకా ఉడకాలేమో అని కుక్కరును ఇరవై నిమిషాలు అదనంగా పొయ్యి మీద ఉంచింది. తాతైతే స్లైడ్లు బాగా శుభ్రపడాలని బఫరుతో మూడుసార్లు కడగవలసింది తొమ్మిదిసార్లు కడిగాడు. ఒకరు చేసింది ఇంకొకరికి తెలియదు. ముగ్గురూ చేసింది మరకలక్కకు తెలియదు.

ఫలితం మొదటిదానికంటే ఘోరం. మొదటిసారి కాస్తో కూస్తో మసక కనిపించింది. ఈసారి అదీ లేదు. మరకలక్క బుగ్గ పట్టుకుని కూలబడింది. పన్ను నొప్పితో కాదు, ఆ పన్ను సంగతే మరిచిపోయింది. కండ పొదిగిన మైనపు బ్లాకు తీసి వెలుతురులో పెట్టి చూసింది. మైనంలో ఇక రెండు కోతలకే కండ ఉంది.

గురువారం ఉదయం ల్యాబు ముందుకు వచ్చిన మరకలక్క బెంచీ వంక చూసి తాళం తియ్యడం మరిచిపోయింది. దర్జీ ఆవిడ మోచేతికి సెలైను పట్టీ వేసుకుని కూర్చునుంది. తల మీద జుట్టు చెవుల దాకానే ఉంది.

"ఏంటమ్మా ఇది? జడ ఏదీ?"

"సంచిలో ఉందక్కా."

"సంచిలోనా!"

"నాది నెగెటివంట గదా. సూదులు పడితే ఎట్లాగూ ఊడిపోద్దని సిస్టరమ్మ చెప్పింది. ఊడేదేదో నా చేతి మీదుగానే పోనీ అని నిన్న సాయంత్రమే కత్తెర తీశాను. రోజూ బట్టలు కోసే చెయ్యేగా, ఒక్క దెబ్బ."

"నెగెటివని ఎవరన్నారే తల్లీ! నేనింకా రిపోర్టే రాయలేదు!"

దర్జీ ఆవిడ చెయ్యి తనంతట తానే మెడ వెనక్కి వెళ్లి, అక్కడ లేనిదాన్ని వెతుక్కుంది.

మరకలక్క లోపలికి వెళ్లి తలుపు దభాలున వేసింది. రెండు చిన్న ట్యూబులు తీసింది. మొదటి ట్యూబులో ఎంజైము ఒక చుక్క, రంగు ఒక చుక్క. కన్ను మూసి తెరిచేలోగా ముదురు గోధుమ. అంటే ఎంజైము బతికే ఉంది, రంగు బతికే ఉంది. రెండో ట్యూబులో ఎంజైము వేసి, దాని మీద కడిగే బఫరు నాలుగు చుక్కలు వేసి, ఆపైన రంగు వేసింది. నిమిషం గడిచింది. ఐదు నిమిషాలు గడిచాయి. ట్యూబులో ఉన్నది మంచినీళ్లలా ఉంది.

"తాతా! ఈ బఫరు ఎవరు కలిపారు?"

"నేనేనమ్మా. సోమవారం నువ్వు పన్ను నొప్పని సెలవు పెట్టావు గదా. ఇరవై లీటర్లు కలిపా. రోజూ కలిపి వృథా చెయ్యొద్దు, నెలకోసారి కలిపి నిలవ మందు వెయ్యండని కాగితం వచ్చింది."

"ఏం నిలవ మందు?"

తాత అలమరలోంచి సీసా తెచ్చి చూపించాడు. సోడియం ఎజైడ్. మరకలక్క సీసా పేరు ఒకసారి చదివింది, నమ్మలేక ఇంకోసారి చదివింది.

"ఇది బూజుని చంపుతుంది నిజమే. దాంతోపాటు మన ఎంజైమునీ చంపుతుంది తాతా! రంగు వెయ్యాల్సిన చేతిని విరగ్గొట్టి, రంగు రాలేదేంటని రెండ్రోజులుగా ఏడుస్తున్నాం. నువ్వేమో దాన్తో మళ్లీ మళ్లీ కడిగావు!"

"తొమ్మిదిసార్లు కడిగానని నీకెట్లా తెలుసు?"

"క్యాను సగమయిందిగా! సర్లే, ఆ కాగితం రాసిందెవరు?"

"పైనుంచి వచ్చిందమ్మా."

ఆఫీసుల్లో పైనుంచి వచ్చేవాటికి ఊరూ పేరూ ఉండవు. వాన కూడా పైనుంచే వస్తుంది, ఎవరిని అడుగుతాం? మరకలక్క ఆ క్యాను మీద ‘ముట్టుకోవద్దు’ అని పెద్ద అక్షరాలతో రాసి మూలకు నెట్టింది. కొత్త బఫరు కలిపింది. రెండు కోతల్లో ఒకటి వాడింది. స్లైడ్లకు తాళంచెవి వేసి, మిగతా మెట్లు ఎంతెంతసేపో తాతకు చెప్పి, వార్డుకు వెళ్లి, ఆ మంచం ఖాళీ చెయ్యమని సిస్టరుతో గంటసేపు పోట్లాడి వచ్చింది. ఆ గంట చాలు.

పన్నెండింటికి స్లైడ్లు చూసి ఆమె కెవ్వుమంది. గోధుమరంగు వచ్చింది. రాకపోవడమేంటి, వరదలా వచ్చింది. కండ గోధుమ, కొవ్వు గోధుమ, కండ లేని ఉత్త గాజు కూడా గోధుమ. పెద్దాయన అరుపు విని పరుగున వచ్చి చూసి చిటికె వేశాడు.

"చూశావా? పాజిటివ్! నూటికి నూరు!"

"నిన్న ఇదే నోటితో నెగెటివన్నారు సార్!"

"నిన్న నిన్నే. ఇవాళ ఇవాళే."

"ఈ స్లైడుకి యాంటీబాడీయే వెయ్యలేదు. ఇది కూడా గోధుమే! నోరెత్తకూడని సాక్షి గొంతు చించుకుంటోంది సార్, చూడండి!"

పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. "ఆ ఒక్కదానికి నువ్వు వెయ్యడం మరిచిపోయినట్టున్నావని... నేను వేశాను."

"వేశారా?"

"అన్నిటికీ చిక్కటిదే వేశాలే. నిన్నా వేశాను."

చిన్న డాక్టరమ్మ నేల చూపులు చూస్తూ, "మీరు బఫరు కలుపుతున్నప్పుడు నేను కుక్కరు కొంచెం ఎక్కువసేపు... నిన్న కూడా," అంది. తాత ఎవరూ అడక్కముందే ఒప్పుకున్నాడు. "రంగు రెండు నిమిషాలుంచమన్నావు. బాగా పట్టాలని ఇరవై ఉంచానమ్మా."

ఒక్క కోత. ఒకే ఒక్క కోత మిగిలింది. అదీ పోతే దర్జీ ఆవిడ ఒంట్లో మళ్లీ సూది గుచ్చాలి, బోర్డు మళ్లీ వచ్చే నెల. మరకలక్క ముగ్గురి వంకా చూసి తలుపు చూపించింది.

"బయటికి. ముగ్గురూ."

"నేను విభాగానికి పెద్దని..."

"అందుకే ముందు మీరు."

లోపల గడియ పడింది. బయట ఉన్నది ఒక్కటే బెంచీ. పెద్దాయన, చిన్న డాక్టరమ్మ, తాత వరసగా సర్దుకుని కూర్చున్నారు. దర్జీ ఆవిడ కాస్త జరిగి చోటిచ్చి, ముగ్గురినీ మార్చి మార్చి చూసి, "మీక్కూడా రిపోర్టు రావాలా సార్?" అని అడిగింది. పెద్దాయన గోడ మీది గడియారం చూశాడు. మూడు గంటలపాటు అదే చూశాడు.

మూడుంబావుకు తలుపు తెరుచుకుంది. మరకలక్క చేతిలో మూడు స్లైడ్లు ఉన్నాయి. రావలసినదానికి రంగు వచ్చింది. రాకూడనిదానికి రాలేదు. దర్జీ ఆవిడ ముక్కలో కణాల కేంద్రకాలు ఒక్కొక్కటీ విడివిడిగా, ఎవరో కూర్చుని చుక్కలు పెట్టినట్టు గోధుమరంగులో ఉన్నాయి. చిన్న డాక్టరమ్మ ఈసారి మూడూ చూసి, లెక్కబెట్టి, ఆ తర్వాతే నోరు తెరిచింది. "పాజిటివ్."

బోర్డు నాలుగింటికి కూర్చుంది, అందరినీ లోపలికి పిలిచి నాలుగుంబావుకు మాత్రలని తేల్చింది. దర్జీ ఆవిడ చేతులు ముందుకు చాపి పది వేళ్లూ ఒకసారి ముడిచి తెరిచింది. అప్పుడు బోర్డు ఎదుటే అడిగింది.

"సంతోషం సార్. మరి నా జడ సంగతెవరు చెప్తారు?"

పెద్దాయనకు ఒక్కసారిగా ఆవేశం పొంగుకొచ్చింది. బల్ల మీద గుద్దాడు.

"దీనికంతటికీ మూలం ఆ దిక్కుమాలిన కాగితం! బఫరులో ఎజైడు కలపమన్న మూర్ఖుడెవడో వాణ్ణి వదలను. డాక్టరమ్మా, ఆర్డరు రాయి! ‘పని తెలియకుండా ల్యాబుకు ఆదేశాలిచ్చి రోగికి హాని చేసిన ఈ వ్యక్తికి, ఇకపై ల్యాబు విషయాల్లో ఏ అధికారమూ లేదు. ఏ కాగితమైనా ముందు టెక్నీషియను ఒప్పుకోవాలి.’ రాశావా? తాతా, ఆ కాగితం పట్రా. పేరు చూసి నింపుదాం."

తాత డిస్టిల్డ్ వాటర్ క్యాను వెనక గోడకు అంటించిన కాగితం చించుకొచ్చాడు. చిన్న డాక్టరమ్మ అడుగున ఉన్న సంతకం దాకా చదివింది. ఆమె కలం గాల్లోనే ఆగింది.

"సార్... పేరు రాయమంటారా?"

"రాయమ్మా! ఎంతటివాడైనా సరే!"

ఆమె కాగితం ఆయన వైపు తిప్పింది. పెద్దాయన చూశాడు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు.

"నేను... రోజుకి రెండొందల కాగితాల మీద సంతకం పెడతాను. అన్నీ చదువుతూ కూర్చుంటానా?"

మరకలక్క ముందుకు వచ్చి, చిన్న డాక్టరమ్మ చేతిలోని ఆర్డరు తీసుకుని, ఖాళీలో ఆయన పేరు నింపి ఆయన ముందు పెట్టి, పక్కనే కలం పెట్టింది.

"మీరు చెప్పినట్టే ఉంది సార్. ఇవాళ్టి తేదీ వేసి ఇప్పుడే సంతకం పెట్టండి. ఈసారి చదివి పెట్టండి."